"ఇలాంటి చీర ఉందా?" అని ఫొటో పంపితే, మనిషి కన్ను చూసినట్టు కంప్యూటర్ వెతికి పెట్టగలదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. తిరుపతిలో మీకు చీరల దుకాణం ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ, వెంకటగిరి, ఇంకా కొన్ని పట్టు రకాలు కలిపి పదకొండు వేల దాకా ఫొటోలు పోగయ్యాయి. కొనేవాళ్ళు పెళ్ళిలోనో పేరంటంలోనో ఎవరో కట్టుకున్న చీరను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి "ఇలాంటిది ఉందా?" అని అడుగుతున్నారు. దాన్ని పోలిన చీరలను చూపించే ప్రోగ్రాం మీ తమ్ముడు తయారుచేశాడు. అది తెచ్చిపెట్టిన చీరలను చూసి, దుకాణంలో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న పెద్దాయన "వీటికీ దానికీ ఏం పోలిక బాబూ?" అంటున్నారు. మనిషి కంటికి కనిపించే పోలికను కంప్యూటర్‌కు నేర్పడం అసలు అయ్యే పనేనా అన్నది మీ సందేహం.

అయ్యే పనే. పోలికను ఒక్క అంకెతో కొలవడం మానేయండి. రంగు, గీత, బొమ్మ, అమరిక, ఈ నాలుగింటినీ విడివిడిగా కొలవండి. ఏ కొలతకు ఎంత విలువ ఇవ్వాలో మీ పెద్దాయన చేత చెప్పించండి. మొదటి రెండు మాటలూ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. ఆయన చేత చెప్పించడం ఎలాగన్నదే ఈ పనిలో కీలకం. చాలామంది అక్కడే దారి తప్పుతున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేనూ తిరుపతిలోనే ఉంటాను. ఫొటోను బట్టి ఫొటోను వెతికే ప్రోగ్రాములు రాయడం పదిహేడేళ్ళుగా నా వృత్తి. చీరలు, నగలు, మాధవమాల చెక్కబొమ్మలు, అన్నిటితోనూ పనిచేశాను. చీరలే అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే ఇష్టం కూడా.

ముందు ఫొటోల సంగతి. మీరు అడగలేదు కానీ సగం తప్పులు ఇక్కడే పుడతాయి. కొన్నేళ్ళ కిందట ఇంకో దుకాణంవాళ్ళు సరిగ్గా మీలాంటి కష్టంతోనే నన్ను పిలిచారు. ఇటుక రంగు కలంకారీ చీర, మధ్యలో కల్పవృక్షం. ఆ ఫొటో ఇచ్చి వెతికిస్తే మొదట వచ్చినది చిలకపచ్చ పట్టుచీర. రెండోది గళ్ళ చీర. మూడోది తెల్ల పంచె. నాకూ పది నిమిషాల దాకా అంతుపట్టలేదు. తరవాత ఫొటోలన్నీ పక్కపక్కన పరిచి చూస్తే తెలిసింది. అన్నిటి కిందా ఒకే నీలం ప్లాస్టిక్ చాప ఉంది. మొదటి రెండేళ్ళు మేడ మీద ఆ చాప పరిచి ఫొటోలు తీశారు, ఆ తరవాత చెక్కబల్ల మీద తీశారు. ఫొటోలో మూడో వంతు చాపే. కంప్యూటర్ నిజాయితీగా ఆ చాపనే వెతికి పెట్టింది.

మన కన్ను ఆ చాపను చూడనే చూడదు. ఏది వస్తువు, ఏది దాని వెనకాల ఉన్నది అన్న విభజన మనకు తెలియకుండానే జరిగిపోతుంది. డెన్మార్క్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్గర్ రూబిన్ 1915లో ఈ విషయం మీదే పరిశోధన గ్రంథం రాశాడు. కూజాలా చూస్తే కూజా, ఎదురెదురు ముఖాల్లా చూస్తే ముఖాలు కనిపించే బొమ్మ మీరు చూసే ఉంటారు, అది ఆయన పేరుతోనే ప్రసిద్ధం. కంప్యూటర్‌కు ఆ విభజన మనం చేసి ఇవ్వాలి. ఇప్పుడు వస్తువును కత్తిరించి ఇచ్చే మంచి ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతున్నాయి. పదకొండు వేల ఫొటోలనూ దాని గుండా పంపి చీరను మాత్రం ఉంచండి. మీ తమ్ముడు ఈ ఒక్క పని చేసినా పెద్దాయన కోపం సగం తగ్గుతుంది.

ఇక రంగు.

కంప్యూటర్ రంగును ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలుగా దాచుకుంటుంది. ఆ అంకెల మధ్య దూరం, మన కంటికి కనిపించే తేడా ఒకటి కావు. 1942లోనే డేవిడ్ మెక్‌ఆడమ్ అనే శాస్త్రవేత్త దీన్ని కొలిచి చూపించాడు. కొన్ని రంగుల్లో చిన్న మార్పును కూడా కన్ను పట్టేస్తుంది, కొన్నిటిలో అంతకు ఎన్నో రెట్లు మారినా గుర్తించదు. మనిషి చూపుకు దగ్గరగా ఉండేలా 1976లో సీఐఈల్యాబ్ అనే కొలమానం వచ్చింది. అందులో వెలుగు ఒక అంకె, ఎరుపు-ఆకుపచ్చల మధ్య ఎటు మొగ్గిందన్నది రెండోది, పసుపు-నీలాల మధ్య ఎటు మొగ్గిందన్నది మూడోది. దానిలో రెండు రంగుల దూరం రెండు మూడు దాటితే మామూలు కన్ను తేడాను గుర్తిస్తుంది. చిక్కటి నీలాల దగ్గర ఈ కొలత పొరపడుతుంది, దాన్ని సరిదిద్దిన సూత్రం తరవాత వచ్చింది, సీఐఈడీఈ2000 అంటారు. మీ తమ్ముడు ఇంకా ఆ ఎరుపు-ఆకుపచ్చ-నీలం (ఆర్‌జీబీ) అంకెలనే పోలుస్తుంటే ఈ రోజే మార్చమనండి. రెండు వరుసల మార్పు, అంతే.

కానీ అసలు చిక్కు వేరే ఉంది. మీ దుకాణంలోనే రోజూ చూస్తుంటారు. చీర నచ్చిన ఆవిడ వెంటనే కొనదు. "ఒకసారి బయట వెలుగులో చూపించండి" అంటుంది. పెద్దాయన చీరను భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చి, ఎండలో కొంగు విప్పి చూపిస్తారు. ట్యూబులైటు కింద ఒక రంగు, ఎండలో ఒక రంగు అని ఆవిడకు తెలుసు. మన మెదడు మామూలుగా ఈ తేడాను చాలావరకు తనే సరిచేసుకుంటుంది. తెల్ల చొక్కా సాయంత్రపు ఎండలో కూడా తెల్లగానే కనిపించడం అందువల్లే. ఆ సర్దుబాటు ఒక్కోసారి మనిషికీ మనిషికీ మారుతుంది. 2015లో ఒక గౌను ఫొటో ప్రపంచమంతా తిరిగింది, కొందరికి నీలం-నలుపు, కొందరికి తెలుపు-బంగారు రంగు. ఆ గౌను నిజానికి నీలం-నలుపే. దాని మీద ఎలాంటి వెలుగు పడిందని ఎవరి మెదడు అనుకుందన్న దాన్ని బట్టి రంగు మారింది.

మీ ఫొటోలకు దీనికి విరుగుడు సులభం. ప్రతి ఫొటోలో చీర అంచున ఒక తెల్ల కాగితం ముక్క పెట్టండి. ఆ ముక్క తెల్లగా కనిపించేదాకా ఫొటో రంగులను సరిచేస్తే మిగతావన్నీ దారికొస్తాయి. కొనేవాళ్ళు పంపే ఫొటోకు ఆ వీలు లేదు. పెళ్ళి మండపంలో పసుపు దీపాల కింద తీసిన ఫొటో అది. అక్కడ ఖచ్చితమైన రంగును నమ్మకండి, రంగుల మధ్య సంబంధాన్ని నమ్మండి. అంచు నడిమి భాగం కంటే ముదురా, లేతా? బుటాలు నేల రంగుకు ఎంత ఎడంగా ఉన్నాయి? దీపం మారినా ఈ సంబంధాలు పెద్దగా మారవు. నా అనుభవంలో కొనేవాళ్ళ ఫొటోలకు ఈ ఒక్క మార్పూ చేసినంత మేలు ఇంకేదీ చేయలేదు.

ఇంకో సంగతి. మన రంగుల పేర్లు చూడండి. ఉల్లిపొర, నెమలికంఠం, వంకాయ, గంధం, మిరపపండు. ఒక్కో పేరూ ఒక్కో రంగు కాదు, ఒక గుంపు. ఉల్లిపొర అంటే లేత గులాబీ నుంచి కాస్త గోధుమ కలిసిన గులాబీ దాకా అన్నీ వస్తాయి. ఒకే పేరు కింద వచ్చే రెండు రంగులు అంకెల్లో దూరంగా ఉన్నా కొనేవాళ్ళు "అదే రంగు" అంటారు. పేరు మారితే, అంకెల్లో దగ్గరగా ఉన్నా "వేరే రంగు" అంటారు. అందుకని నేను ప్రతి చీరకూ దుకాణంవాళ్ళు పిలిచే రంగు పేరును కూడా రాయించి, దాన్ని ఇంకో కొలతగా కలుపుతాను. నెమలికంఠం విషయంలో మాత్రం జాగ్రత్త. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు కావడంతో ఒక వైపు నుంచి నీలం, ఇంకో వైపు నుంచి ఆకుపచ్చ. అలాంటి చీరలకు రెండు వైపుల నుంచి రెండు ఫొటోలు తీసి, రెండింటినీ అదే చీర కింద ఉంచండి.

ఫొటోలో ఏ రంగు ఎంత ఉందో లెక్కపెట్టి పోల్చే పద్ధతిని 1991లో స్వైన్, బాలర్డ్ ప్రతిపాదించారు. ఐబీఎంవాళ్ళు క్యూబిక్ పేరుతో తొంభైలలో తయారుచేసిన వెతుకులాట వ్యవస్థలోనూ రంగు లెక్క ప్రధానమైన కొలతే. ఇది ఇప్పటికీ పనికొస్తుంది, కానీ రంగు ఎంత ఉందో చెబుతుందే తప్ప ఎక్కడ ఉందో చెప్పదు. పచ్చ చీర మీద చెదురుగా ఎర్ర బుటాలు ఉన్నా, అదే పచ్చ చీరకు ఎర్ర అంచు ఉన్నా ఎరుపు పాళ్ళు సమానమే కావచ్చు. ఏ ఇల్లాలూ ఆ రెండు చీరలూ ఒకటనదు. కాబట్టి చీరను అంచు, కొంగు, దుకాణాల్లో బాడీ అనే నడిమి భాగం అని మూడుగా విడదీసి, మూడింటి రంగులూ వేరుగా లెక్కపెట్టండి. నాలుగు కొలతల్లో నేను అమరిక అన్నది ఇదే. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

గీత దగ్గరకు వద్దాం. కలంకారీ అంటే నాకు గీతే.

శ్రీకాళహస్తిలో బొమ్మ వేస్తుంటే దగ్గర కూర్చుని చూడండి. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ. చింతపుల్లల బొగ్గుతో ముందు లీలగా గీసుకుంటారు. తరవాత వెదురు కలం. దాని మొనకు కాస్త పైన గుడ్డో ఉన్నో చుట్టి దారంతో బిగిస్తారు, రంగు అందులో నిలుస్తుంది. వేళ్ళతో ఆ చుట్టును నొక్కితే రంగు మొనకు దిగుతుంది. బెల్లం, ఇనుము నీళ్ళలో పులియబెట్టి తీసిన నల్లరంగు. నొక్కిన చోట గీత లావుగా మొదలై, వేళ్ళు సడలించేకొద్దీ సన్నబడి, నెమలి తోక చివర వెంట్రుకంత అవుతుంది. రంగులు నింపడం ఆ తరవాత. చూసేవాళ్ళ కన్ను కూడా అదే వరుసలో నడుస్తుంది, ముందు ఆ నల్లగీతను పట్టుకుంటుంది.

కన్ను గీతను ఎందుకంత గట్టిగా పట్టుకుంటుందో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ 1950ల చివర్లో కనిపెట్టారు. పిల్లి మెదడులో చూపుకు సంబంధించిన కణం ఎప్పుడు స్పందిస్తుందో వింటూ, తెర మీద చుక్కలు వేసి చూపిస్తున్నారు. గంటల తరబడి ఏమీ లేదు. ఒకసారి గాజు పలకను యంత్రంలోకి జరుపుతుంటే ఆ కణం ఒక్కసారిగా మోగిపోయింది. చుక్కకు కాదు, కదులుతున్న పలక అంచు నీడకు. ఒక్కో కణం ఒక్కో వాలులో ఉన్న గీతకే స్పందిస్తుందని అలా తెలిసింది. 1981లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. మనం కంప్యూటర్‌లో ఆ కణాల పని చేయించడానికి గేబర్ జల్లెడలు వాడతాం. ఒక్కో జల్లెడ ఒక్కో వాలులో, ఒక్కో మందంలో ఉన్న గీతలనే పట్టి ఇస్తుంది. 1996లో మంజునాథ్, మా అనే ఇద్దరు పరిశోధకులు ఆరు వాలులు, నాలుగు పరిమాణాలతో, అంటే 24 జల్లెడలతో, ఒక్కోదాని సగటు, చెదురుబాటు తీసుకుని మొత్తం 48 అంకెల్లో ఒక ఫొటో నేతను, అంటే పైకి కనిపించే గీతల తీరును, వర్ణించవచ్చని చూపించారు. పాత పద్ధతే, కానీ గీతను విడిగా కొలవడానికి నేను ఇప్పటికీ దీనితోనే మొదలుపెడతాను. ఇది ఏ అంకె ఎందుకు పెరిగిందో చెప్పగలిగే కొలత. పెద్దాయన "ఇది తప్పు" అన్నప్పుడు ఎక్కడ తప్పిందో చూపించవచ్చు.

1978లో జపాన్ పరిశోధకుడు తమురా, ఆయన తోటివాళ్ళు ఇంకో మంచి పని చేశారు. నేతను చూసి మనుషులు చెప్పే తేడాలను, అంటే ముతకా సన్ననా, తేడాలు కొట్టొచ్చినట్టున్నాయా మెత్తగా కలిసిపోయాయా, గీతలు ఒక దిక్కుకు ఉన్నాయా లేవా వంటివాటిని తీసుకుని, ఒక్కోదానికీ లెక్క కట్టారు. ఆ లెక్కలు మనుషుల తీర్పుకు ఎంత దగ్గరగా ఉన్నాయో పరీక్షించారు కూడా. మనిషి మాటను ముందు వినడం, తరవాత సూత్రం రాయడం. నాకు ఆ వరుస అంటే గౌరవం.

బొమ్మ విషయానికి మాత్రం పాత పద్ధతులు చాలవు. నెమలిని నెమలిగా, హంసను హంసగా గుర్తించాలంటే శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్క్ కావాలి, అంటే ఎన్నో ఫొటోలు చూసి నేర్చుకుని, ప్రతి ఫొటోనూ ఒక అంకెల వరుసగా మార్చే ప్రోగ్రాం. మీ తమ్ముడు వాడుతున్నది అదే అనుకుంటాను. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. 2019లో గైర్హోస్, ఆయన బృందం ఒక ప్రయోగం చేశారు. పిల్లి ఆకారం తీసుకుని దాని ఒంటికి ఏనుగు చర్మం అతికించారు. మనుషులు పిల్లి అన్నారు. అప్పటి పేరున్న నెట్‌వర్కులు ఏనుగు అన్నాయి. మనం ఆకారాన్ని నమ్ముతాం, అవి పై పూతను నమ్ముతాయి. కలంకారీలో ఇది ఎంత నష్టమో ఆలోచించండి. నెమలి ఒంటి నిండా, చెట్టు ఆకుల నిండా, నేల నిండా సన్నని గీతలూ చుక్కలే. నెట్‌వర్క్ ఆ గీతలను చూసి, నెమలి చీరకు జతగా అలాంటి గీతలే నిండిన తీగల చీరను తెస్తుంది. పెద్దాయన నెమలిని అడుగుతున్నారు.

దీనికి నేను చేసేది రెండు పనులు. ఒకటి, రంగు, పూత తీసేసి నల్లగీత ఒక్కటే మిగిల్చిన ఫొటోను కూడా అదే నెట్‌వర్క్‌కు ఇచ్చి దాని అంకెలనూ దాచుకుంటాను. రెండు, ఎలాంటి నెట్‌వర్క్ వాడాలో చూసుకుంటాను. 2021లో వచ్చిన క్లిప్ అనే నెట్‌వర్క్ బొమ్మలనూ మాటలనూ జతచేసి నేర్చుకున్నది కాబట్టి "నెమలి" అన్న భావాన్ని బాగా పడుతుంది, కానీ నెమలి ఎలా గీశారన్నది దానికి పెద్దగా పట్టదు. 2023లో మెటా విడుదల చేసిన డైనోవీ2 మాటలు లేకుండా బొమ్మల నుంచే నేర్చుకున్నది. రూపాన్ని, భాగాల అమరికను అది మెరుగ్గా చూస్తుంది. చీరలకు నా ఓటు రెండో దానికి. వెతికేటప్పుడు క్లిప్ ఇచ్చే దూరాన్ని కూడా కొంచెం కలుపుతాను.

ఇప్పుడు అసలు విషయం.

మీ పెద్దాయనకు మీరు బహుశా రెండు చీరలు చూపించి "ఇవి పదికి ఎంత పోలి ఉన్నాయి?" అని అడిగి ఉంటారు. నేనూ మొదట్లో వేరే దుకాణాల్లో అలాగే అడిగాను. పొద్దున ఏడు అన్నది సాయంత్రానికి నాలుగు అయ్యేది. తప్పు చెప్పేవాళ్ళది కాదు. మనిషి మనసులో పోలికకు ఆ కొలబద్ద లేదు.

ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో పోలిక మీద రాసిన వ్యాసం మన పనికి పునాది లాంటిది. అందులో రెండు మాటలు మీకు అక్షరాలా పనికొస్తాయి. మొదటిది, పోలిక రెండు వైపులా సమానంగా ఉండదు. మన భాషలోనే చూడండి. "కొడుకుకు తండ్రి పోలిక వచ్చింది" అంటాం. "తండ్రికి కొడుకు పోలిక వచ్చింది" అని ఎవరమూ అనం. ఒకటి మూలం, రెండోది దాన్ని పోలినది. రవికె ముక్క ఫొటో పంపి దానికి సరిపోయే చీర అడగడం ఒకటి, చీర ఫొటో పంపి రవికె అడగడం ఇంకొకటి. రెండింటికీ ఒకే దూరం వాడితే ఒకటి తప్పుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. చుట్టూ ఏమున్నాయన్న దాన్ని బట్టి పోలిక మారుతుంది. ఆస్ట్రియా దేశానికి ఏది ఎక్కువ పోలిక అని ట్వెర్‌స్కీ అడిగాడు. స్వీడన్, పోలెండ్, హంగరీ ఇచ్చినప్పుడు ఎక్కువమంది స్వీడన్ అన్నారు. పోలెండ్ తీసేసి నార్వే పెడితే ఎక్కువమంది హంగరీ అన్నారు. ఆస్ట్రియా మారలేదు, పక్కనున్నవి మారాయి. దీన్ని నేను మొదటిసారి ఒక దుకాణంలో కళ్ళారా చూసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. ఒక ఆవిడ ఎర్ర నెమలి చీర ఫొటో తెచ్చింది. అక్కడి పెద్దాయన ఆరు నెమలి చీరలు పరిచారు. ఆవిడ చూపు రంగు మీదకు పోయింది, "ఎరుపు ఉన్నది చూపించండి" అంది. అప్పుడు ఎర్రవి ఆరు పరిచారు. వాటిలో నాలుగింటికి నెమళ్ళు లేవు. ఇప్పుడు ఆవిడకు నెమలే ముఖ్యమైపోయింది. మొదటి గుంపులో నెమలి అన్నిటికీ ఉంది కాబట్టి దానికి విలువ లేదు, రెండో గుంపులో ఎరుపు అన్నిటికీ ఉంది కాబట్టి దానికి విలువ లేదు. ఏది తేడాగా ఉందో దాన్ని బట్టే కన్ను తూకం వేస్తుంది.

కాబట్టి పెద్దాయనను ఇలా అడగండి. పైన ఒక చీర, కింద రెండు చీరలు. "పైదానికి ఈ రెండింటిలో ఏది దగ్గర?" అంతే. మార్కులు వద్దు, కారణాలు వద్దు. ఎడమదో కుడిదో వేలు పెట్టి చూపిస్తే చాలు. ఒక్కో ప్రశ్నకు అయిదారు క్షణాలు. బేరాలు లేని మధ్యాహ్నం వేళ అరగంట కూర్చుంటే రెండు వందల దాకా అవుతాయి. నేను అడిగేటప్పుడు కొన్ని జాగ్రత్తలు పాటిస్తాను. కింది రెండు చీరలూ ఏదో ఒక కొలతలో ఎదురెదురుగా ఉండాలి, ఒకటి రంగులో దగ్గర, ఇంకొకటి బొమ్మలో దగ్గర. రెండూ అన్నిటా దూరమైతే ఆ జవాబు ఏమీ నేర్పదు. పదింటికి ఒకసారి పాత ప్రశ్ననే ఎడమ కుడి మార్చి మళ్ళీ అడుగుతాను. ఆయన తన మాట మీద తనే ఎంతవరకు నిలుస్తారో తెలుస్తుంది. ఇక ఆయన ఒక్కరినే అడగకండి. అమ్మేవాళ్ళ చూపు వేరు, కట్టుకునేవాళ్ళ చూపు వేరు. మీ అమ్మగారిని, దుకాణానికి తరచూ వచ్చే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళను కూర్చోబెట్టండి. చిత్తూరులో నగల దుకాణానికి పనిచేసినప్పుడు కంసాలి రాళ్ళ అమరిక చూసేవాడు, కొనేవాళ్ళు మెడలో పడితే ఎంత మేర కనిపిస్తుందో చూసేవాళ్ళు. ఇద్దరి జవాబులూ కలిపేసి పెద్ద పొరపాటు చేశాను. విడదీశాక కానీ పని కుదరలేదు.

ఈ రకం ప్రశ్నలు నా సొంత ఊహ కావు. 2018లో ఎల్‌పిప్స్ అనే కొలత చేసినవాళ్ళు ఇలాగే మనుషులను అడిగి, ఫొటోల్లో వస్తువులను గుర్తించడానికి శిక్షణ పొందిన నెట్‌వర్కుల లోపలి అంకెలు, పాత సూత్రాల కంటే మనిషి తీర్పుకు బాగా దగ్గరగా ఉన్నాయని చూపించారు. 2023లో డ్రీమ్‌సిమ్ అనే దాని కోసం సుమారు 20 వేల మూడేసి బొమ్మల ప్రశ్నలకు మనుషుల చేత జవాబు చెప్పించారు. అంత మీకు అక్కర్లేదు. నాలుగు కొలతలకు నాలుగు తూకాలు కనిపెట్టడానికి ఆరేడు వందల జవాబులు చాలు. "పెద్దాయన దగ్గర అన్నది దగ్గర కావాలి, దూరం అన్నది దూరం కావాలి" అని షరతు పెట్టి తూకాలను సరిచేసే సూత్రం మీ తమ్ముడికి తెలిసే ఉంటుంది. మూడింట ఒక వంతు జవాబులను శిక్షణకు వాడకుండా పక్కన పెట్టి, వాటితో పరీక్షించండి. నెట్‌వర్క్ అంకెలనే తిరగదోడి నేర్పాలంటే మాత్రం వేల జవాబులు కావాలి. మొదట ఆ జోలికి పోవద్దు.

ఎంత సరిగ్గా రావాలి? ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు ఎంతవరకు ఏకీభవిస్తారో ముందు లెక్కపెట్టండి. మీ అమ్మగారూ పెద్దాయనా వంద ప్రశ్నల్లో ఎనభైకి ఒకే మాట అన్నారనుకోండి, కంప్యూటర్‌ను తొంభై అడగడంలో అర్థం లేదు. ఎనభైకి దగ్గరగా వచ్చిందంటే అది ఇంకో మనిషి చూసినట్టే చూస్తోంది.

వెతికేటప్పుడు ఆ చుట్టుపక్కల ప్రభావాన్ని కూడా వాడుకోండి. మొదట పన్నెండు చీరలు చూపించి, కొనేవాళ్ళు ఒకటో రెండో తాకగానే, తాకినవాటికీ మిగతావాటికీ ఏ కొలతలో తేడా ఎక్కువ ఉందో చూసి ఆ కొలత తూకం పెంచి మళ్ళీ వెతకండి. ఆ రోజు అక్కడి పెద్దాయన ఆరు నెమళ్ళు పరిచి, తరవాత ఆరు ఎరుపులు పరిచిన పనే ఇది. తొంభైల చివరి నుంచీ పరిశోధకులు ఈ దారిలో నడుస్తున్నారు, దుకాణాల్లో మాత్రం ఎందుకో తక్కువగా కనిపిస్తుంది.

పెద్ద యంత్రం కావాలా అని చివర్లో అడిగారు. అక్కర్లేదు. పదకొండు వేల ఫొటోలు, ఒక్కోదానికి నెట్‌వర్క్ ఇచ్చే 768 అంకెలు, ఒక్కో అంకెకు నాలుగు బైట్లు. మొత్తం 34 మెగాబైట్లు కూడా కాదు. మామూలు కంప్యూటర్ అన్నిటినీ వరుసగా పోల్చినా రెప్పపాటులో అయిపోతుంది. అంకెలు తీసే పని ఒక్కసారే, అది మాత్రం రాత్రంతా నడవనివ్వండి.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఈ ప్రోగ్రాం చేతి కలంకారీని, దాన్ని చూసి అచ్చు వేసిన గుడ్డను పక్కపక్కన పెట్టి "ఒకటే" అంటుంది. పోలిక కొలతకు అవి ఒకటే మరి. కానీ ఒకటి వారాల తరబడి చేసిన పని, ఇంకొకటి నిమిషాల పని. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది, మీ దగ్గర కొనేవాళ్ళు ఆ మాట నమ్మి కొంటారు. కాబట్టి ఈ తేడా కోసం ఇంకో పరీక్ష విడిగా పెట్టండి. చీరలో కుడి ఎడమల ఉన్న రెండు నెమళ్ళను కత్తిరించి ఒకదాన్ని తిప్పి రెండోదాని మీద పరిచి చూడండి. అచ్చులో చాలాసార్లు గీత గీతకూ కలిసిపోతుంది. చేత్తో గీసినదాంట్లో ఈకలు అక్కడక్కడా తప్పుకుంటాయి, గీత లావు మారుతుంది. ఈ విషయంలో కంప్యూటర్ చూపు మన చూపు కంటే పదును. అయినా అది ఆఖరి మాట కాదు. మీ పెద్దాయన గుడ్డను వెనక్కి తిప్పి రంగు ఎంత దిగిందో చూస్తారు, ముక్కు దగ్గర పెట్టుకుని పాలవాసన ఉందేమో చూస్తారు. ఆ రెండూ ఫొటోలో రావు. ఆయన చూసి "చేతిపని" అన్న చీరకే ఆ గుర్తు పెట్టండి, ప్రోగ్రాం చేత పెట్టించకండి.

ముందు అయిదు వందల ఫొటోలతో మొదలుపెట్టండి, మొత్తం పదకొండు వేలు వద్దు. చీర వెనకాల ఉన్నది తీసేసి, రంగు సరిచేసి, పెద్దాయన చేత మొదటి రెండు వందల ప్రశ్నలకు జవాబులు చెప్పించాక, ఆయన మాటకూ ప్రోగ్రాం మాటకూ పొసగని ఓ పది మూడేసి ఫొటోలను ఇక్కడ పెట్టండి. ఏ కొలత తప్పిందో చూసి చెబుతాను.